ఈతచాప మీద డాక్టరమ్మ

చీపురుపల్లి దాటాక పాసింజరు బండి ఎందుకో ఆగిపోయింది. కిటికీలోంచి ఒక్కసారిగా గోగు వాసన కొట్టింది. గోగు కట్టలు కోసి నీళ్ళలో ఊరేస్తారు. నార ఊడివచ్చేదాకా అవి అక్కడే కుళ్ళాలి. ఇప్పుడు గోగు వేసేవాళ్ళు తగ్గిపోయారు గానీ, ఒకప్పుడు ఈ కాలంలో ఇటువైపు ఊళ్ళన్నీ ఇదే వాసన. ఎదురు సీట్లో అమ్మాయి చున్నీ ముక్కుకి అడ్డం పెట్టుకుని, "ఏటీ కంపు! ఆ కిటికీ మూసెయ్యండి మామ్మా" అంది. నేను మూయలేదు. నాకు ఈ వాసన తగిలితే నిద్ర ముంచుకొస్తుంది. చెబితే నవ్వుతారని ఎవరికీ చెప్పను. కళ్ళు మూసుకుంటే చాలు, ఒక చల్లటి మట్టిగోడల గది, అందులో ఒక ఈతచాప, దాని మీద చేయి తలకింద పెట్టుకుని ఒక పక్కకి తిరిగి పడుకున్న మా డాక్టరు గారు కనిపిస్తారు.

డాక్టరు కామేశ్వరి గారిని మీరెవరూ ఎరుగరు. ఆవిడది తెనాలి వైపు. మనోవ్యాధుల వైద్యం చదువుకుని, పట్నంలోని పెద్దాసుపత్రిలో చాలాకాలం పనిచేసి, పంతొమ్మిది వందల అరవైల చివర్లో ఒక పరిశోధన నెత్తికెత్తుకుని విజయనగరం వచ్చారు. ఆ రోజుల్లో మనసు చెడిన మనిషికి రెండే దారులు: ఊళ్ళో అయితే భూతవైద్యుడి వేపమండలు, పట్నంలో అయితే తాళం వేసిన వార్డు. ఇంటి మనుషుల మధ్యనే ఉంచి మందిస్తే నయమవుతుందా లేదా అన్నది ఆవిడ తేల్చుకోవాలనుకున్న సంగతి. ఊరూరా తిరగడానికి సహాయకురాలు కావాలంటే నేను వెళ్ళాను. మనస్తత్వశాస్త్రంలో ఎమ్మే అప్పుడే పూర్తయింది, ఒంటినిండా పొగరు. పుస్తకాల పేర్లన్నీ వల్లె వేసుకుని వెళితే ఆవిడ అడిగింది ఒకటే.

"మధ్యాహ్నం నిద్ర పడుతుందా అమ్మా నీకు?"

"పడుకోనండీ. బద్ధకం అలవాటు లేదు" అన్నాను గొప్పగా.

"అయ్యో, నేర్చుకోవాలే మరి" అని నిజంగానే విచారపడ్డారు. ఉద్యోగం మాత్రం ఇచ్చారు. "పిచ్చివాళ్ళ చుట్టూ తిరిగే ఉద్యోగమా?" అని మా నాన్న వారం రోజులు మూతి ముడుచుకున్నాడు.

నిద్ర సంగతి ఎందుకు అడిగారో మొదటివారంలోనే తెలిసింది. పొద్దున్న బండిలో చీపురుపల్లి చేరి, అక్కణ్ణించి జట్కా దొరికితే జట్కా, లేకపోతే కాళ్ళు. ఆవిడ చంకలో చుట్టిన ఈతచాప ఎప్పుడూ ఉండేది. రోగి ఉన్న ఇంటికి వెళ్ళడం, మంచినీళ్ళు తాగడం, ఇంటివాళ్ళతో రెండు మాటలు మాట్లాడడం, ఆ తర్వాత రోగి ఉన్నచోటే కాస్త ఎడంగా చాప పరుచుకుని పడుకోవడం. ఉత్తుత్తి పడుకోవడం కాదు, సన్నగా గురక కూడా. నేను అడగాల్సిన ప్రశ్నలన్నీ చేతిలో పట్టుకుని గుమ్మంలో ఎర్రమొహం వేసుకుని కూర్చునేదాన్ని. ఇంటి ఆడవాళ్ళు జాలిపడేవాళ్ళు. "పాపం, డాక్టరమ్మకి ఇంటికాడ నిద్ర సాల్నేదు కాబోలు" అని విసనకర్ర తెచ్చి విసిరేవాళ్ళు.

ఒకరోజు ఉండబట్టలేక, "జీతం తీసుకుని నిద్రపోవడం ఏమిటండీ?" అనేశాను. ఆవిడకి కోపం రాలేదు. స్టేషను బెంచీ మీద కూర్చుని మరమరాల పొట్లం విప్పుతూ చెప్పారు. "నిద్రపోయే మనిషిని చూసి ఎవరూ భయపడరు వనజా. జబ్బు పడ్డ దగ్గర్నించీ వీళ్ళని ఎవరో ఒకరు కాపలా కాస్తూనే ఉంటారు. నేను పడుకుంటే, ఒక గంటసేపు వాళ్ళు నన్ను కాస్తారు. ఎంత జబ్బులో ఉన్నవాళ్ళైనా నా మీద వాలిన ఈగని తోలే రోజు ఒకటి వస్తుంది. ఆ రోజు నాకు సగం జబ్బు అర్థమవుతుంది." నాకు అప్పటికి ఏమీ అర్థం కాలేదు. మరమరాలు తినేశాను.

సూరమ్మ ఇంటికి మేము వెళ్ళింది గోగు ఊరేసే రోజుల్లో. ఊరంతా ఇదే వాసన. ఆ ఇంట్లో జబ్బు మనుషులు ఎవరూ లేరనే చెప్పింది అత్తగారు నారాయణమ్మ. వాకిట్లో కూర్చుని గోగు కట్టెల నుంచి నార ఒలుస్తోంది. సూరమ్మకి తల్లి లేదు. అత్తగారే మేనత్త కూడా కావడంతో పురుడు ఇక్కడే పోశారు. ఆడపిల్ల. నెల దాటింది. చీకటి గదిలో నులక మంచం మీద తలకి గుడ్డ చుట్టుకుని, చెవుల్లో దూది పెట్టుకుని కూర్చుని ఉంది సూరమ్మ. పద్దెనిమిది, పందొమ్మిదేళ్ళు ఉంటాయేమో.

"మా కోడలు బాలెంతరికం ఎంత బాగా సేసిందో సూడమ్మా" అంది నారాయణమ్మ మురిసిపోతూ. "దూది తియ్యమన్నా తియ్యదు. గాలికి రాదు. ఒక్క మాట ఆడదు. నా కూతుళ్ళే ఇంత బుద్దిగా ఉండనేదు."

డాక్టరు గారు నవ్వలేదు. "పాలిచ్చేటప్పుడు పిల్ల మొహం చూసుకుంటుందా అమ్మా?" అని అడిగారు.

ముసలమ్మ చేతిలో నార ఆగిపోయింది. "సూడదు" అంది. "నానే పిల్లని రొమ్ముకి అందిస్తన్నాను. తియ్యకపోతే అలాగే కూకుండిపోద్ది. సిగ్గేమో అనుకున్నానమ్మా."

మా వైపు బాలెంత మాట్లాడకూడదు, బయటికి చూడకూడదు, చల్లగాలి సోకకూడదు. ఆ పిల్ల లోకంలోంచి తప్పుకుంటుంటే ఇంటిల్లిపాదీ మెచ్చుకుంటూ కూర్చున్నారు. ఎవరినీ అనడానికి లేదు. పెద్దలు చెప్పినట్టే చేశారు, ప్రేమగానే చేశారు. సూరమ్మ మాత్రం కప్పులో వెలుతురు పడే చోటు వైపు చూస్తూ ఉంది. మేము వచ్చినట్టు ఆమెకి తెలిసిందో లేదో కూడా నాకు తెలియదు.

మళ్ళీ మేము వెళ్ళేసరికి వాకిట్లో ఎడ్లబండి కట్టి ఉంది. కోడలికి మనసు చెడిందన్న మాట ఊళ్ళో పొక్కింది. సూరమ్మ మొగుడు అప్పన్న గోడకి ఆనుకుని తలవంచుకుని నిలబడ్డాడు. మాట్లాడింది అతని పెదనాన్న సన్యాసయ్య. "మీ ఆసుపత్రికే కదమ్మా తీసుకుపోడం. సీపురుపల్లి టేసన్ దాకా బండి కట్టించాను. పిల్లని మా అబ్బాయి పెళ్ళాం పెంచుతాది. నయమైతే వస్తాది. నేకపోతే అప్పన్న కుర్రోడు, ఇంకో సంబంధం సూస్తాం."

ఆసుపత్రి డాక్టరుకి ఇంతకంటే సులువైన పని ఏముంటుంది? డాక్టరు గారు మాత్రం నారాయణమ్మ వైపు తిరిగి, "అమ్మా, మీ ఊళ్ళో బాలెంతని పొలిమేర దాటిస్తారా?" అన్నారు.

"పొలిమేరేటి తల్లీ! గడపే దాటనివ్వం."

"అయితే ఈ పిల్లకి ఇంకా పురుడు వెళ్ళలేదు. డాక్టర్ని, నేను చెబుతున్నాను."

"నెల దాటిపోనాదమ్మా!" అన్నాడు సన్యాసయ్య.

"ఒళ్ళు లేచిందండీ. మనసింకా పురిట్లోనే ఉంది. అది లేచేదాకా ఈమె బాలెంతే."

సన్యాసయ్య చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. బాలెంతని బండెక్కించిన ఇల్లు అనిపించుకోవడానికి ఆయనకీ మనసొప్పలేదు. "సరే, అమాస దాకా సూస్తాను. అప్పటికీ ఇలాగే ఉంటే మీరే తీసుకుపోవాల" అన్నాడు. "నేనే తీసుకుపోతాను" అని మాటిచ్చారు డాక్టరు గారు. మాత్రలు ఎలా వేయాలో నారాయణమ్మకి చెప్పారు. తల్లినీ పిల్లనీ ఒంటరిగా ఒక్క క్షణం కూడా వదలొద్దని, రాత్రి పక్కనే పడుకోవాలని ఒట్టు వేయించుకున్నంత పని చేశారు. పురిట్లో చేసే సేవలన్నీ చేయమన్నారు, చెవుల్లో దూది తప్ప. ఆ దూది ఆవిడే స్వయంగా తీసి, కిటికీ తెరిచారు.

తిరుగుబండి కోసం ఎదురుచూస్తూ నేను అడిగాను. "అక్కడైతే బాగా చూస్తారు కదండీ?"

"చూస్తారు. ఇవే మందులు ఇస్తారు" అన్నారు. "కానీ తల్లి ఒక్కతే రావాలి వనజా, పసిపిల్లలకు అక్కడ చోటు లేదు. నయమయ్యేసరికి ఇంట్లో ఆమెకీ చోటుండదు. అలా వెళ్ళడానికి ఇల్లు లేక వార్డులోనే మిగిలిపోయినవాళ్ళు నాకు పేరుపేరునా తెలుసు." నాకు ఆ పూటే మొదటిసారి ఆవిడంటే ప్రేమ పుట్టింది.

ఆ పక్షమంతా మేము తరచూ ఆ ఇంటికే వెళ్ళాం. డాక్టరు గారు చాప పరిచేవారు, పడుకునేవారు. సూరమ్మ కప్పు వైపే చూసేది. డాక్టరు గారికి నిద్ర పట్టేది కాదని నాకు తెలిసిపోయేది, గురక ఉండేది కాదు మరి. మాత్రలు పనిచేయడానికి కొంత సమయం పడుతుందని నాకు చెప్పేవారు. ఆ చెప్పడం తనకి తానే చెప్పుకున్నట్టు ఉండేది. అమావాస్య దగ్గర పడ్డాక ఒక సాయంత్రం స్టేషను కుళాయి దగ్గర మొహం కడుక్కుని, తుడుచుకోకుండా అలాగే నిలబడి, "నా పంతం కోసం ఆ పిల్లని ఆపలేదు కదా నేను?" అన్నారు. నా రుమాలు ఇచ్చాను.

అమావాస్య నాడు వెళ్ళేసరికి బండి మళ్ళీ వాకిట్లో ఉంది. ఎడ్లు విప్పి ఉన్నాయి, ఎండుగడ్డి నములుతున్నాయి. సన్యాసయ్య అరుగు మీద కూర్చున్నాడు. డాక్టరు గారు నేరుగా లోపలికి వెళ్ళి చాప పరిచారు. అన్ని రోజుల అలసటా ఒక్కసారి మీద పడిందేమో, ఆ పూట నిజంగా నిద్రపోయారు. గురక మొదలైంది. కిటికీలోంచి గోగు వాసన, దూరంగా ఎవరో కట్టెలు నీళ్ళలో బాదుతున్న చప్పుడు. నారాయణమ్మా నేనూ గుమ్మంలోనే కూర్చున్నాం. మాకూ కళ్ళు మూతలు పడుతున్నాయి. గది మొత్తం నీటి అడుగున ఉన్నట్టు అనిపించింది నాకు.

మంచం పక్కన గుడ్డ ఉయ్యాలలో పిల్ల లేచింది. సన్నగా మొదలుపెట్టి గట్టిగా ఏడుపు అందుకుంది. నారాయణమ్మ ఉలిక్కిపడి లేవబోయింది. అంతలో మంచం మీంచి ఒక చేయి వచ్చి ఉయ్యాల తాడు పట్టుకుంది.

"పల్లకోయే" అంది సూరమ్మ. చాలాకాలం వాడని గొంతు, గీసుకుపోయి ఉంది. "పల్లకో. డాక్టరమ్మ తొంగున్నాది."

మా వైపు పల్లకోవడం అంటే ఊరుకోవడం, తొంగోవడం అంటే పడుకోవడం. చంటిపిల్లలకి ఇంటింటా చెప్పే మాటలే. నారాయణమ్మ కొంగు నోట్లో కుక్కుకుని గుమ్మంలోనే కూలబడిపోయింది. సూరమ్మ వంగి పిల్ల మొహంలోకి చూస్తోంది. బయట అరుగు మీద సన్యాసయ్య కూడా విన్నాడు. లేచి ఎడ్లని తోలుకుని కళ్ళం వైపు వెళ్ళిపోయాడు. ఇంతమందిమి విన్నాం. వినవలసిన ఆవిడ మాత్రం గురక పెడుతూనే ఉన్నారు.

లేచాక చెబితే, "అయ్యో, నేను వినలేదే!" అని చిన్నపిల్లలా బాధపడ్డారు. బండిలో నాచేత ఆ మాట మళ్ళీ మళ్ళీ చెప్పించుకున్నారు. తను అనబోతే తెనాలి నోట్లో అది తిరిగేది కాదు. నేను పగలబడి నవ్వేదాన్ని, ఆవిడా నవ్వేవారు. నవ్వుతూ నవ్వుతూ కళ్ళు తుడుచుకున్నారు.

ఒక్క మాటతో జబ్బు పోలేదు. నెలల తరబడి మాత్రలు పడ్డాయి, మధ్యలో చెడ్డరోజులూ వచ్చాయి. కానీ సూరమ్మ ఆ గడప లోపలే బాగుపడింది, పిల్లకి పైడితల్లి అని పేరు పెట్టుకుంది, మరుసటేడు గోగు ఒలిచింది. పరిశోధన సంగతికొస్తే, పైవాళ్ళు చదివి, మందుల వల్ల ఎంత, ఇంటి మనుషుల వల్ల ఎంత విడదీసి చూపమన్నారు. న్యాయమైన ప్రశ్నే. "నా కునుకు ఏ గడిలో వేయను వనజా?" అని నన్ను అడిగారు డాక్టరు గారు. ఆ జవాబు కోసమే నేను తర్వాత జీవితమంతా ఈ పనిలో గడిపాను. ఇప్పటికీ నా దగ్గరికి వచ్చేవాళ్ళ కోసం గదిలో కుర్చీల పక్కన ఒక ఈతచాప ఉంటుంది. ఎందుకని అడిగితే నాకు నడుంనొప్పి అని చెబుతాను.

చివరి రోజుల్లో ఆవిడ విజయనగరంలో మేనకోడలి ఇంట్లో ఉండేవారు. జ్ఞాపకం పూర్తిగా పోయింది. నెలల తరబడి నోట మాట లేదని మేనకోడలు చెప్పింది. నేను వెళ్ళి, ఆవిడ నేర్పిన చదువంతా మరిచిపోయి, "నేనండీ, వనజని. గుర్తుపట్టారా?" అని అడిగాను. ఆవిడ కళ్ళలో బెదురు కనిపించింది. నోరు మూసుకుని, మూలనున్న చాప మంచానికి కాస్త ఎడంగా పరుచుకుని, పక్కకి తిరిగి పడుకున్నాను. ఏడుస్తూ పడుకున్నానేమో, నిజంగానే నిద్ర పట్టేసింది.

ఎంతసేపో తెలియదు. పనిపిల్ల పళ్ళెం, గ్లాసూ చప్పుడు చేసుకుంటూ లోపలికి వచ్చింది. మంచం మీంచి ఒక గొంతు, గీసుకుపోయిన గొంతు, అచ్చం మా వైపు యాసలో, ఎక్కడా తడబడకుండా వినిపించింది.

"పల్లకో. తొంగున్నాది."

నేను కళ్ళు తెరవలేదు. ఆవిడ నన్ను కాపలా కాస్తున్నారు.