ఇంకా గాలే

మా అడవి బడిలో నాతోపాటు పనిచేసిన టీచరమ్మకు ఒక పిచ్చి ఉండేది. కాలం మారే ముందు, ఇక ఏం జరగబోతుందో చిన్నపిల్లల చేత గోడ మీద సుద్దతో రాయించేది. జరిగితే రైటు కొట్టేది. జరగకపోతే, "తప్పు గాదు, ఇంకా గాలే" అనేది.

వేసవి సెలవుల ముందు ఒక పిల్ల, "వాగు పొంగితది, టీచర్ రాదు" అని రాసింది. నాకు ఒళ్లు మండి టీచరమ్మతో అన్నాను:

"నడుంలోతు నీళ్లల్ల వాగు దాటి బడికొస్తవు గదా! గిదేనా నీకు దక్కే పేరు? తుడిపెయ్."

"ఉండనియ్ అక్కా, ఇంకా గాలే" అని నవ్వింది.

ఆ సెలవుల్లోనే టీచరమ్మ జ్వరమొచ్చి ఖమ్మం దవాఖానాలో పోయింది.

తొలి వానలకు వాగు పొంగింది. ఆ పిల్ల సుద్దముక్క తెచ్చి నా చేతిలో పెట్టింది.

"పెద్దటీచర్, వాగు పొంగింది. టీచర్ రాలే. రైటు కొట్టాలె గదా?"

రైటు కొట్టి, హాజరు పిలిచాను.