‘ఇడ్సిపెట్టిన’ అన్న మాట

అది 1978. నేను నల్లకోటు వేసుకుని అప్పటికి ఆరేళ్లు. షాలిబండలో ఒక మేడ మీద గది అద్దెకు తీసుకున్నాను. ఒక బల్ల, రెండు బెంచీలు, ఒక గుమాస్తా. మాది తెనాలి దగ్గర ఊరు. మావారి ఉద్యోగం కోసం హైదరాబాదు వచ్చి ఇక్కడే ఉండిపోయాం. లీగల్ ఎయిడ్, అంటే ఫీజు ఇచ్చుకోలేనివాళ్లకు ఉచిత న్యాయసహాయం, కింద వచ్చే కేసులను పెద్ద వకీళ్లు ముట్టుకునేవారు కాదు. అవన్నీ నాలాంటి వాళ్ల బల్ల మీదికి వచ్చి పడేవి.

నా స్వభావం ముందే చెప్పేస్తాను. నాకు అనుమానం ఎక్కువ. పాలవాడు పాలు పోస్తుంటే చెంబులోకి తొంగి చూసే రకాన్ని. “నువ్వు వకీలువి కాకపోతే పోలీసువి అయ్యేదానివి” అని మావారు ఏడిపించేవారు. నేను నొచ్చుకోకపోగా లోలోపల మురిసిపోయేదాన్ని. నా వృత్తికి అంతకంటే పనికొచ్చే గుణం లేదని అప్పట్లో నా నమ్మకం.

ఒక సోమవారం గుమాస్తా మల్లేశం తమ జహనుమా బస్తీ నుంచి ఒకామెను వెంటబెట్టుకొచ్చాడు. పేరు అండాలమ్మ. ముప్పై దాటి ఉండవు, కానీ జబ్బుపడి లేచిన మనిషి కావడంతో నలభై ఐదేళ్లదానిలా ఉంది. భర్త పోయి రెండేళ్లు. లాడ్ బజారులో లక్క గాజులకు రాళ్లు అతికే పని. ఇంట్లో చూపు సరిగా ఆనని అత్త, ఐదేళ్ల కూతురు సుజాత. ఆర్నెల్ల కిందట ఈమెకు టీబీ అని తేలి ఆసుపత్రిలో చేర్చుకున్నారు. పిల్లను చూసే దిక్కులేక పిల్లల హోములో పెట్టింది. ఇప్పుడు నయమై వచ్చి బిడ్డను ఇమ్మంటే హోమువాళ్లు ఇవ్వం పొమ్మన్నారట.

“ఎందుకివ్వరు?” అన్నాను.

“ఎవరో ఢిల్లీ వాళ్లకు సాదుకోనీకి ఇస్తరంట. నా బిడ్డ నాది కాదంట. గిదేం లొల్లమ్మా? నాకేం సమజ్ అయితలే.”

ఆమె ఏడవలేదు. అది నాకు నచ్చలేదు. పైగా ఆర్నెల్లలో ఒక్కసారి కూడా పిల్లను చూడటానికి వెళ్లలేదని, ఎవరినీ పంపలేదని తనే చెప్పింది. గాజుల పనిలో చిన్న వేళ్లకు గిరాకీ ఎక్కువని నేను విని ఉన్నాను. పిల్ల పనికి అందివచ్చే వయసుకు వస్తోంది, అందుకే ఇప్పుడు గుర్తొచ్చిందేమో అనుకున్నాను. తన బస్తీ మనిషని మల్లేశం కూడా ఏదో దాస్తున్నాడని అనిపించింది. అయినా వకాలతు మీద, అంటే ఆమె తరఫున నేను వాదించడానికి ఇచ్చే అధికారపత్రం మీద, వేలిముద్ర తీసుకున్నాను.

మర్నాడు హోముకు వెళ్లాను. సూపరింటెండెంటు ఏలూరు వైపు ఆయన. నా యాస వినగానే ముఖం విప్పారింది. కుర్చీ తుడిపించారు, టీ తెప్పించారు. ఫైలు చూపించమంటే మాత్రం, “కాన్ఫిడెన్షియల్ అండీ, పిల్ల భవిష్యత్తు కదా” అన్నారు. టీ మీద నా అనుమానం ఈగలా వాలింది. నేను తాగలేదు. ఇంత మర్యాద చేసే మనిషి ఏదో మింగే ఉంటాడని తీర్మానించుకుని లేచాను.

ఫైలు చూడటానికి పిల్లల కోర్టులో అర్జీ పెట్టుకోవాల్సి వచ్చింది. అసలు ఆ కోర్టులో వకీలు నిలబడటమే ఆ రోజుల్లో హక్కు కాదు, మేజిస్ట్రేటు గారి దయ. తల్లిదండ్రులకు తమ మాట చెప్పుకునే హక్కుంది, తమ మీద ఏం రాశారో తెలుసుకునే హక్కుంది. ఆ సంగతి వాళ్లకు చెప్పే బాధ్యత ఎవరిదో మాత్రం ఎవరికీ తెలియదు. అనుమతి వచ్చింది. పది రోజుల్లో విచారణ. ఆ రోజు సుజాతను ‘అబాండన్డ్’, అంటే కన్నవాళ్లు వదిలేసుకున్న బిడ్డ, అని కోర్టు ప్రకటిస్తే ఢిల్లీ దంపతులకు అప్పగించడానికి దారి తెరుచుకుంటుంది. ఆ తర్వాత తల్లి ఎంత మొత్తుకున్నా లాభం ఉండదు.

ఫైలులో మొదటి కాగితమే నా నోరు మూయించింది. చేర్చుకున్న రోజున అండాలమ్మ ఇచ్చిన స్టేట్‌మెంటు అది. నా కూతురిని పోషించలేక హోములో వదిలేసుకున్నాను అని ఇంగ్లీషులో రాసి ఉంది. కింద వేలిముద్ర. తెలుగులో చదివి వినిపించామని సూపరింటెండెంటు సంతకం.

ఆమెను పిలిపించాను. “నువ్వు పిల్లను విడిచిపెట్టానని చెప్పావా?”

“అవు, చెప్పిన.”

“ఎవరైనా బలవంతం చేశారా?”

“ఎవరు జేస్తరమ్మా? నేనే ఇడ్సిపెట్టిన.”

“చదివి వినిపించారా?”

“ఆఁ, సదివిండు. సారు మంచిగనే మాట్లాడిండు.”

నాకు ఒళ్లు మండింది. ఇంత బరితెగింపుగా ఒప్పుకుని, మళ్లీ బిడ్డను ఇప్పించమని నా మెట్లెక్కి వస్తుందా? ఆమె వెళ్లాక మల్లేశం మీద విరుచుకుపడ్డాను. వకాలతు వెనక్కి ఇచ్చేస్తానని కాగితం కూడా రాసుకున్నాను. ఆ కాగితం శుక్రవారం ఆమె చేతికి ఇవ్వాలని నా ఉద్దేశం.

శుక్రవారం పదింటికి రమ్మంటే పదకొండు దాటాక వచ్చింది. ఎందుకింత ఆలస్యం అని కసిరాను.

“మా అత్తకు కండ్లు జూపియ్యాలె గదమ్మా. ఆమెను కండ్ల దవాఖానల ఇడ్సిపెట్టొచ్చిన.”

నేను కుర్చీలోంచి సగం లేచాను. కూతురు అయిపోయింది, ఇప్పుడు అత్త! “చూపులేని ముసలిదాన్ని ఆసుపత్రిలో విడిచిపెట్టేశావా? నీకు మనసెలా ఒప్పింది?”

అండాలమ్మ బిక్కమొహం వేసి మల్లేశం వైపు చూసింది. మల్లేశం నా వైపు చూశాడు.

“ఏందమ్మా గట్లంటరు? లైన్ల కూసుండబెట్టొచ్చింది. పగటీలి పోయి తోల్కొస్తది.”

“మరి విడిచిపెట్టానంటోంది?”

“అవు మల్ల. ఇడ్సిపెట్టొచ్చుడంటె తోల్కపోయి దించొచ్చుడే గదమ్మా. మీ దిక్కు ఏమంటరు?”

మా వైపు దింపి వస్తాం. విడిచిపెడితే మళ్లీ ఆ మొహం చూడం. ఏడేళ్లుగా ఈ ఊళ్లో ఉంటున్నాను, ఈ ఊరి కూరగాయలు తింటున్నాను, ఈ ఊరివాళ్ల కేసులు వాదిస్తున్నాను. ఆ తేడా ఒక్కసారి కూడా నా చెవిన పడలేదు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. రాసుకున్న కాగితం వాళ్లిద్దరి ఎదుటే చించేశాను. అదేమిటో, ఎందుకు చించానో ఆమెకు చెప్పాను. 

“అయితె నువ్వు గూడ గట్లనే అనుకున్నవా?” అని మాత్రం అడిగింది అండాలమ్మ.

విచారణ రోజున ఇదంతా మేజిస్ట్రేటు గారికి చెప్పాను. ఆయనదీ మా వైపే. కళ్లద్దాలు తీసి నన్ను ఎగాదిగా చూశారు.

“ఆర్నెల్ల తర్వాత మాటకు అర్థం మారిందా మేడమ్? బాగానే నేర్పించినట్టున్నారు.”

నా చెవులు ఎర్రబడ్డాయి. అన్నాళ్లూ నేను ఇతరులను చూసిన చూపు అదే. ఇప్పుడు అది నా మీదికి తిరిగింది. మల్లేశంతో సాక్ష్యం చెప్పించినా లాభం లేదు, అతను నా మనిషి.

“సార్, నన్ను నమ్మవద్దు. ఈ ఊరివాళ్లు ఎవరుంటే వాళ్లను అడగండి” అన్నాను.

ఆయన గది అంతా చూసి, తలుపు దగ్గర నిలబడి పేర్లు పిలిచే అటెండరును రమ్మన్నారు. “నీకు పిల్లలున్నారా?”

“ఉన్నరు సార్, ఇద్దరాడపిల్లలు.”

“బడికి ఎవరు తీసుకెళతారు?”

“నేనే సార్. పొద్దుగాల ఇద్దర్ని బడిల ఇడ్సిపెట్టి డ్యూటీకొస్త.”

మేజిస్ట్రేటు గారి చేతిలో కలం ఆగింది. “విడిచిపెట్టి వస్తావా?”

“రోజూ ఇడ్సిపెట్టే వస్త సార్.” అటెండరు కంగారుపడ్డాడు. “ఏమైంది సార్? ఏమన్న తప్పా?”

గదిలో అందరూ నవ్వారు. “మొగడు పెండ్లాన్ని ఇడ్సిపెడ్తె అది ఇడ్సిపెట్టుడు సార్, బడిల ఇడ్సిపెడ్తె కాదు” అని అటెండరు తన ఉద్యోగం కాపాడుకోవడానికి వివరిస్తున్నాడు. అండాలమ్మ ఒక్కతే నవ్వలేదు.

సూపరింటెండెంటు లేచారు. ఆయన ముఖంలో నెత్తురు లేదు. “ఆమె అన్న మాటే రాశాను సార్. తెలుగులో ‘విడిచిపెట్టాను’ అని చదివాను కూడా. అవునంది.”

“మళ్లీ ఎప్పుడొస్తావని అడిగారా?”

ఆయన తల అడ్డంగా ఊపారు. మేజిస్ట్రేటు గారు అండాలమ్మ వైపు తిరిగారు. “నువ్వైనా చెప్పొచ్చు కదమ్మా, తిరిగి వస్తానని?”

“ఎవరడిగిండ్రు సార్? తల్లి మల్ల రాదా? అది గూడ చెప్పాల్నా?”

టీబీ తగ్గిందని డాక్టరు కాగితం చూసుకుని, పిల్లను తల్లికి అప్పగించమని ఆయన ఆ రోజే ఉత్తర్వు రాశారు.

ఈ కేసులో దొంగ ఎవరూ లేరు. ఇన్నేళ్ల తర్వాత కూడా నన్ను భయపెట్టేది అదే. సూపరింటెండెంటు లంచం తిని ఉంటే నేను పసిగట్టేదాన్ని. తల్లి అబద్ధమాడి ఉంటే పట్టుకునేదాన్ని. మంచివాడైన ఆయనా, మంచిదాన్నని అనుకునే నేనూ ఒకే మాటను ఒకే తప్పుగా విన్నాం. ఆ కాస్తకే ఒక బిడ్డ ఢిల్లీ రైలెక్కేది. నేను అందరినీ అనుమానించాను, నా చెవులను తప్ప. ఆ తర్వాత ఏ స్టేట్‌మెంటు రాసినా మనిషి అన్న మాట అన్నట్టే తెలుగు అక్షరాల్లో రాసి, అప్పుడే ఇంగ్లీషులోకి మార్చేదాన్ని. “అంటే ఏమిటి? ఆ తర్వాత ఏం చేద్దామని?” అని మరో రెండు ప్రశ్నలు వేయకుండా వేలిముద్ర తీసుకోలేదు.

ఆ సాయంత్రం హోములో సుజాతను తీసుకొచ్చారు. తల కురచగా కత్తిరించారు. కాసేపు గుర్తుపట్టనట్టు నిలబడి, తర్వాత వచ్చి తల్లి కొంగు పట్టుకుంది. సూపరింటెండెంటు రసీదు రాసి ముందుకు జరిపారు. అండాలమ్మ బొటనవేలు చాపలేదు.

“ఏం రాసిండ్రు?”

నేను చదువుదామని చెయ్యి చాపాను.

“నువ్వు గాదమ్మా. మల్లేశన్న సదువుతడు.”

ఆ గొంతులో కోపం లేదు. నేను పక్కకు జరిగాను. మల్లేశం ఒక్కో ముక్కా చదివాడు. ప్రతిదానికీ ఆమె “అంటె?” అని అడిగింది. ఎనిమిది వాక్యాలకు గంట పట్టింది. చివరి వాక్యం, బిడ్డను తల్లికి అప్పగించాం అని ఉంది.

“‘బిడ్డను మల్ల అడగం’ అని గూడ రాయి సారూ” అంది.

సూపరింటెండెంటు కలం మూత మళ్లీ తీశారు. ఏ చట్టంలోనూ లేని ఆ వాక్యాన్ని ఆమె అన్నది అన్నట్టే తెలుగులో రాశారు. మల్లేశం అది కూడా చదివాక, ఒక చేత్తో పిల్లను పట్టుకునే ఉండి, రెండో చేతి బొటనవేలిని సిరాలో అద్దింది.