చైనాకు వెళ్లిన మా చేను

మా నాన్నకూ చిన్నాయనకూ మధ్య గట్టు తగాదా లేదు, పంపకాల తగాదా లేదు. వాళ్ల తగాదా చైనా గురించి. ఎవరికైనా చెబితే నవ్వుతారు. నాకు మాత్రం నవ్వు రాదు.

తారానగర్ వైపు మాకు జొన్న చేను ఉండేది. ఆ నేలలో పైపైనే ఇనుపరాయి దొరికేది. ఎంత ఇనుమున్నా చైనావాళ్లు కొని ఓడల్లో తీసుకుపోతున్నారన్న రోజుల్లో, మా చుట్టుపక్కల చాలామంది నాగళ్లు మూలన పడేసి చేలు తవ్వించారు. చిన్నాయన అందరికంటే ముందున్నాడు. టీ హోటల్లో పేపరు విప్పి నాన్నకు పాఠం చెప్పేవాడు.

"వాళ్లు లేస్తాండారన్నా. అమెరికావోళ్లే అదురుకుంటాండారు. వాళ్ల ఎంబడి మనమూ లేస్తాము. నువ్వేంది, ఇంకా పాత యుద్ధమే పట్టుకొని కూచుంటావు?"

"వాడు మన భుజం మీద కాలు పెట్టి లేస్తాండాడప్పా. మన ఇనుముతోనే రేపు మన గడప కాడికి వస్తాడు, సూడు," అనేవాడు నాన్న.

ఇప్పుడు టీవీలో పెద్ద పెద్ద చదువులవాళ్లు కోట్లు వేసుకుని అరుచుకునేదీ ఈ రెండు ముక్కలే. మా హోటల్లో కనీసం టీ అయినా దొరికేది.

మావాళ్లు చనిపోయినవాళ్లను సొంత చేనులోనే పూడుస్తారు. మా అవ్వ సమాధి ఆ చేనులోనే ఉండేది. చిన్నాయన ఆ సమాధి చుట్టూ కొంత నేల వదిలి, మిగతాదంతా లోతుగా తవ్వించాడు. అంత వదిలితే చాలనుకున్నాడు పాపం. వానాకాలంలో ఆ దిబ్బ కాస్తా విరిగి, సమాధితో సహా గుంతలోకి జారిపోయింది. నాన్న అంచున నిలబడి చూశాడు.

"అమ్మను గూడా ఓడ ఎక్కిస్తివి కదరా," అన్నాడు. ఆ తర్వాత తమ్ముడితో మాట్లాడలేదు.

హోటల్‌కు మాత్రం ఇద్దరూ వచ్చేవాళ్లు. సరిహద్దులో మన సైనికులు చనిపోయారన్న వార్త వస్తే నాన్న ఆ ముక్కను గట్టిగా చదివేవాడు. చైనాతో వ్యాపారం పెరిగిందన్న వార్తను చిన్నాయన ఇంకా గట్టిగా చదివేవాడు. పేపరు లేకపోతే వాళ్లకు ఒకరి గొంతు ఒకరికి వినపడేదే కాదు. ఆ ముసలివాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండేది, జాలీ వేసేది.

పోయిన ఎండాకాలం నాన్న మంచం పట్టాడు. "నన్ను అమ్మ పక్కనే పెట్టండి," అన్నాడు చివర్లో. అవ్వ ఉన్నచోట ఇప్పుడు పచ్చటి నీళ్లగుంత ఉంది. ఊరి శ్మశానంలోనే గుంత తీయించాం. సొంత చేని మన్ను ఒక పిడికెడు ముందు వేయాలి కదా అని ఎవరో పెద్దాయన గుర్తుచేశాడు. చిన్నాయన ఎవరికీ చెప్పకుండా బుట్ట తీసుకుని చేనికి వెళ్లాడు.

చాలాసేపటికి వచ్చాడు. పంచె మోకాళ్ల దాకా తడిసి ఉంది, గోళ్లు చిట్లి ఉన్నాయి. బుట్టలో నాలుగు రాళ్లున్నాయి.

"పిడికెడు మన్ను గూడా యాడా ల్యాదు రా," అన్నాడు నాతో.

తర్వాత బుట్ట పక్కన పెట్టి, పాడె దగ్గర కూలబడి, నాన్న ముఖం మీదికి వంగాడు.

"అన్నా, ఒక్క మాట తిట్టన్నా," అన్నాడు.