మ్యూజియం అద్దం మీద గీతలు

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో మా కాలేజీలో ప్రకృతి విజ్ఞాన ప్రదర్శనశాల అనే గది ఒకటి ఉండేది. ఆఫీసులకు చోటు చాలక ఊళ్లో గుడారాలు వేసిన కాలం అది. ఆ గది మీద చాలామంది కన్ను ఉండేది. జనం వచ్చిపోతున్నంతకాలం దాన్ని ఎవరూ అడగలేరని మా ప్రిన్సిపాలు నమ్మకం. భూగర్భశాస్త్రం చెప్పేవాణ్ణి కనుక గది బాధ్యత నా మీద పడింది.

జనం వచ్చేవారు. నా బాధ అదే. తొలకరిగా ముంగారు వానలు పడగానే తుగ్గలి, జొన్నగిరి చేలల్లో వజ్రాలు బయటపడతాయని ఊళ్లకు ఊళ్లు తలలు వంచుకుని నేలను వెతుకుతాయి. అప్పుడప్పుడూ దొరుకుతాయి కూడా, కాదనను. దొరికినవి షావుకార్ల దగ్గరికి వెళ్లేవి. మిగిలిన రాళ్లన్నీ మా గదికి వచ్చేవి. గోడ పొడవునా పేర్చిన శిలాజాల వైపు గానీ, గడ్డి కూరిన బట్టమేకపిట్ట వైపు గానీ ఒక్కరూ తల తిప్పేవారు కాదు.

ఇందుకు కారణం గదిలోనే ఉంది. మధ్య బీరువాలో, నాకు ముందు పనిచేసినాయన పెట్టిపోయిన గాజుబిళ్ల ఒకటి ఉండేది. సానపట్టిన వజ్రానికి నమూనా. దాని కింద చీటీ: "వజ్రం. ఇది గాజును కోస్తుంది." వజ్రం మాటకొస్తే చీటీలో అబద్ధం లేదు, నిజం మాత్రం సగమే ఉంది. వీధిలో కాలికి తగిలే పలుగురాయి కూడా గాజు మీద గీత పెడుతుందని అందులో రాయలేదు. చదువు వచ్చినవాడు రానివాడికి ఆ చీటీ చదివి వినిపించేవాడు; మరుక్షణం ఇద్దరూ మూటలు విప్పి, ఆ బీరువా అద్దం మీదే తమ రాళ్లను గీసి చూసుకునేవారు. క్రమంగా ఆ అద్దం వెనక ఏముందో కనబడటం మానేసింది.

చీటీ మారుస్తానంటే ప్రిన్సిపాలు ఒప్పుకోలేదు. "జనం దానికోసమే వస్తాండారయ్యా. నీ పలుగురాయిని చూసేదానికి ఎవడొస్తాడు?"

ఒక ఏడు ముంగారులో పత్తికొండ వైపు నుంచి ఒక రైతు, అతని భార్య వచ్చారు. నేను కుర్చీలోంచి లేచేలోపే అతను రుమాలు ముడి విప్పి అద్దం మీద గీత గీసేశాడు.

"చూడు సామీ, కోసింది!"

"ఆ సంబడం తరవాత," అంది భార్య. "సామీ, వాన పడి వారమాయ. విత్తనానికి శెనిక్కాయ బుడ్డలు ఇంట్లో ఉండాయి. ఈ రాయి సంగతి తేలేదాకా విత్తేదానికి గొర్రు కట్టడంట. ఇంగ రెండు దినాలుంటే నేల పదును పోతాది."

"వజ్రం దొరికిన చేనులో గొర్రు తోల్తే మిగతావి పూడిపోవా?" అన్నాడు అతను.

రాయి చూడగానే పలుగురాయని నాకు తెలిసింది. అయితే నా మాట రుజువు కాదు. పక్క బీరువాలోంచి పలుగురాయి ముక్క తీసి, అతని గీత పక్కనే ఇంకొక గీత గీసి చూపించాను. "ఇది పలుగురాయి. ఇదీ గీసింది, చూడప్పా."

అతను చాలాసేపు దాన్ని తిప్పి తిప్పి చూశాడు. "ఇదీ వజ్రమేనేమో సామీ. తెలీక ఈడ పెట్టుకోనుండారు."

తర్కం ప్రకారం ఆ అభ్యంతరంలో తప్పు లేదు. అందుకే నాకు ఒళ్లు మండింది. సాన పట్టేవాళ్లు వాడే కురువిందం రాయి తెచ్చాను. "ఇది పలుగురాయిని గీస్తుంది. వజ్రాన్ని గీయలేదు. నీ రాయి ఇట్లా ఇవ్వు."

అతను గుప్పిట మూశాడు. "గీత పడితే దాని ధర ఏం గాను?"

"గీత పడితే అది వజ్రం కాదయ్యా!"

"పడినంక తెలిసి ఏం లాభం సామీ?"

నేను మళ్లీ చెప్పాను. గొంతు పెంచి మళ్లీ చెప్పాను. చివరికి భార్యే కలగజేసుకుంది. "గీత పడకుంటే మారాజువి. పడితే బుడ్డలు ఏసుకుందాం. యాదో ఒగటి తేల్చు."

"అయితే నువ్వే గీయి," అన్నాడు గుప్పిట తెరుస్తూ. "ఈ సామి కోపంగా ఉండాడు, బలంగా గీస్తాడు."

ఆమె గీసింది. తెల్లని గీత పడింది. రాలిన పొడి కూడా గీతలాగే కనిపిస్తుంది కనుక తుడిచి చూడమన్నాను. కొంగుతో తుడిచింది. గీత పోలేదు. అతను గోటితో తడిమి చూసుకుని, రాయిని నా బల్ల మీద పెట్టేశాడు.

"పత్తికొండ బస్సు ఎప్పుడుండాది సామీ?" అని ఆమె నన్ను అడిగి, మొగుడి వైపు తిరిగింది. "తెల్లారి గొర్రు కడతావా?"

"కడతాలే, పా."

ఆ గది ఒక మనిషికి ఒక్క విషయమైనా నేర్పిందని అనుకుంటూ, ఆ రాయిని పలుగురాళ్ల వరసలో పెట్టబోయాను. గుమ్మం దాటినవాడు వెనక్కి వచ్చాడు.

"ఎందుకైనా మంచిది సామీ," అంటూ రాయి తీసుకుని రుమాలు కొసన వేయబోయాడు. బయటినుంచి "బస్సు పోతాంది!" అని కేక వినిపించింది. అయినా అతను బీరువా దగ్గర ఆగి, అద్దం మీద ఇంకొక గీత గీసి చూసుకుని, అప్పుడు ముడి వేసుకుని పరిగెత్తాడు.