పది నిమిషాలు ముందున్న కారు

మా చిన్నప్పుడు... మండపేటలో మా నాన్నగారి బ్యాటరీ షాపు ముందు పొద్దున్నే ట్రాక్టర్లు, లారీలు ఆగి ఉండేవి. లోపల చెక్కబల్ల మీద ఛార్జింగ్ పెట్టిన బ్యాటరీలు సన్నగా బుడబుడలాడుతుండేవి. ప్రతిదాని మీదా సుద్దముక్కతో యజమాని పేరు. యాసిడ్ పడి నాన్నగారి చొక్కాలన్నీ చిల్లులే... మసిగుడ్డకు కూడా పనికిరావని అమ్మ విసుక్కునేది.

లారీవాళ్ళకు ఎప్పుడూ తొందరే.

"గురువుగారూ, కాస్త గట్టిగా ఎక్కించెయ్యండి. మిల్లు దగ్గర లోడు ఆగిపోయిందండి."

"మంట పెంచితే అన్నం ఉడకదయ్యా, అడుగంటుద్ది. టీ తాగి రా."

ఒకసారి ఒక రైతు విసిగిపోయి కొత్తది ఇచ్చెయ్యమన్నాడు. నాన్నగారు ఇవ్వలేదు. "దాళ్వా పంట కోతల దాకా ఇదే లాగుద్దండి. అప్పుడు చూద్దాం" అన్నారు. అమ్ముకునే మనిషే వద్దన్నారు... ఈ రోజుల్లో చెబితే నమ్ముతారా?

అడగకుండా ఎవరి బండి మీదా చెయ్యి వేసేవారు కాదు.

ఇక నిన్న రాజమండ్రిలో, మా ఇంటి ముందు జరిగింది వినండి.

మా ఆవిడ పోయాక కారు తీయలేదు. మొన్న తాళం తిప్పితే టిక్ టిక్ అంది, అంతే. లైట్లు మినుకుమన్నాయి. డాష్‌బోర్డు మీద గడియారం మాత్రం నడుస్తూనే ఉంది... పది నిమిషాలు ముందుగా.

అలా పెట్టింది ఆవిడే. ఏ పెళ్ళికీ నేను వేళకు బయల్దేరనని. ముందుందని తెలిసి కూడా దాన్ని చూసి కంగారుపడేవాణ్ణి. పక్క సీట్లో ఆవిడ నవ్వు ఆపుకునేది.

బ్యాటరీ తీగలు విప్పితే ఆ టైము పోతుంది. విప్పకుండానే ఛార్జర్ తగిలించవచ్చు, నాన్నగారు చేస్తుంటే చూశాను. అటక మీంచి ఆయన ఛార్జర్ దింపాను. తీగ ఎలుకలు కొరికేశాయి. చేసేది లేక మెకానిక్‌ను పిలిచాను.

"తీగలు విప్పొద్దు బాబూ. బ్యాటరీ అక్కడే ఉంచి ఛార్జింగ్ పెట్టు. ఎంతసేపైనా పర్లేదు."

"అలాగేనండి."

అతనికి మజ్జిగ తేవడానికి లోపలికి వెళ్ళాను. వచ్చేసరికి పాత బ్యాటరీ నేల మీద ఉంది. ఇంజన్ నడుస్తోంది.

"ఛార్జింగంటే సాయంత్రం దాకా పడుద్దండి. కొత్తది వేసేశాను. మీ గడియారం కూడా ఇందాక పది నిమిషాలు ఫాస్టుందండి... కరెక్ట్ చేసేశాను. దానికేం ఇవ్వక్కర్లేదండి."

"నేనేం చెప్పాను నీకు?"

"స్టార్టయింది కదండి!"

గ్లాసు నా చేతిలోనే ఉండిపోయింది.

ఇదీ నా కోపం. బండి కదిలితే చాలు, మనిషి ఏం చెప్పాడో ఎవరికీ అక్కర్లేదు. మిక్సీ జారుకు మూత అడిగితే కొత్త మిక్సీ చూపిస్తారు. పాతది ఎందుకు ఉంచుకున్నామో అడిగే ఓపిక ఒక్కరికీ లేదు. పైగా అడగని సాయం ఒకటి...

నేనే మళ్ళీ పది నిమిషాలు ముందుకు తిప్పుకోవచ్చు. తిప్పితే అది నేను పెట్టిన టైము అవుతుంది.

ఇప్పుడు కారులో టైము సరిగ్గా ఉంది. నన్ను తొందరపెట్టేవాళ్ళే లేరు.

మీ ఇళ్ళలో కూడా అలా ఎవరో ముందుకు తిప్పి ఉంచిన గడియారం ఉందా? ఎవరు తిప్పారో, ఎందుకో రాయండి... దాని జోలికి మాత్రం ఎవరినీ రానివ్వకండి.