మెట్లు దిగిన అభిమానులం

ప్రొద్దుటూరులో మా ఫుట్‌బాల్ జట్టుకు యజమాని ఒక సిమెంటు డీలరు. జట్టును కొన్న కొత్తలోనే అభిమానులందరినీ వాట్సాప్ గ్రూపులో చేర్చి, ‘మీరే నా బలం’ అని రాశాడు. ఆ గ్రూపులో రాసే వీలు మాత్రం ఆయన ఒక్కడికే. రోజూ ఒక గులాబీ, పండగొస్తే చేతులు జోడించిన ఆయన ఫొటో. చీరల కొట్టులో పుట్టి, ఎదుటివాడి నోరు తెరిపించడమే వృత్తిగా బతికిన నేను కూడా, రాసే వీల్లేక, ఆ ఫొటోల మీద బుద్ధిగా దండం గుర్తు నొక్కేవాణ్ణి.

ఒకసారి సరుకు పనిమీద జమ్మలమడుగు పోతే అక్కడి టీ కొట్టతను అడిగాడు.

“ఏందప్పా, మీ జట్టు పులివెందులకు పోతాందంట?”

“ఎవురు జెప్పినారు?”

“ఊరంతా అంటాండారు. నీకు తెల్దా? పెద్ద అభిమానివి గదా!”

గ్రూపు తెరిచి చూశాను. యజమాని మనవరాలి పుట్టినరోజు కేకు ఉంది.

జట్టు మా ఊళ్లో ఉంటుందో పోతుందో తేల్చుకుందామని నేనూ, గాజుల కొట్టు మామా ఆయన దుకాణానికి పోయాం. గుమాస్తా లోపలికి రానివ్వలేదు.

“సారు మీటింగులో ఉండాడు. ఏమన్నా ఉంటే గ్రూపులో జూసుకోండి.”

“ఆడ మాకు నోరు ల్యాదు గదప్పా” అన్నాడు మామ.

“జూసుకోమంటి. మాట్లాడమన్లేదు.”

అప్పుడు నా బేరగాడి బుర్ర పనిచేసింది. మా బజారులో ధర కుదరకపోతే కొనవచ్చినవాడు చీర పక్కన పడేసి మెట్లు దిగుతాడు. చెప్పులు వెతుక్కుంటూ నిదానంగా దిగాలి. వీధిలో కాలు పెట్టేలోపు కొట్టువాడు “రాప్పా, రా” అని పిలిచి తీరతాడు.

“ఆదివారం ఆట మధ్యలో లేచి పోదాం మామా. ఆయనే పిలుస్తాడు. జట్టు యాడికీ పోదని చెప్పించుకోని మళ్లీ కూచుందాం.”

“పిల్చకుంటే?”

“పిల్చక యాడికి పోతాడు?”

ఆదివారం విరామం కాగానే, మేం ముందే చెప్పిపెట్టిన అభిమానులందరం లేచాం. తప్పెట ఆగిపోయింది. షామియానా కింద యజమాని మమ్మల్నే చూస్తున్నాడు. నేను కాళ్లకున్న చెప్పులనే మళ్లీ వెతుక్కుంటూ గ్యాలరీ మెట్లు దిగాను.

“పిల్చినాడా?” అన్నాడు మామ గేటు దగ్గర.

“తిరిగి సూడొద్దు మామా, బేరం చెడిపోతాది.”

రోడ్డు మీదికొచ్చి నిలబడ్డాం. లోపల గోలు పడ్డట్టు కేక వినిపించింది. వేసింది మనవాళ్లో కాదో తెలియలేదు.

మరునాడు గ్రూపులో ఖాళీ గ్యాలరీ ఫొటో వచ్చింది. ఒక మూలగా మా వీపులు. కింద, ‘ప్రొద్దుటూరులో ఆదరణ కరువైనందున, బరువెక్కిన గుండెతో జట్టును పులివెందులకు తరలిస్తున్నాం. సహకరించిన అభిమానులకు కృతజ్ఞతలు.’ జట్టనే సరుకు ఎప్పుడో అమ్ముడుపోయింది. ఆయనకు కావలసిందల్లా ఒక సాకు. అది నేనే, పైసా తీసుకోకుండా, ఊరందరినీ వెంటబెట్టుకుని ఇచ్చివచ్చాను.

“పులివెందులకు పొద్దున్నే బస్సుందా?” అని మామ ఫోను చేశాడు.

“సిగ్గు ల్యాదా మామా?”

“శానా ఉంది. బస్సుందా ల్యాదా జెప్పు.”

పోయాం. మా జట్టు అక్కడాడే మొదటి ఆట రోజు, పులివెందుల మైదానం గేటు దగ్గర టికెట్లు చింపే మనిషి అడిగాడు.

“యా ఊరు మీది?”

“ప్రొద్దుటూరు” అన్నాడు మామ, కాస్త గొప్పగానే.

“బయటూరోళ్లు ఆ పక్కన కూచోవాల” అని ఎదుటి జట్టువాళ్ల గ్యాలరీ చూపించాడు.