కాళ్లతో ఆడే జాయ్‌స్టిక్

దగ్గరికి జరిగి కూర్చోండి. గోడకు ఆనుకున్నా ఫరవాలేదు, సున్నం అంటదు. చాయ్ చల్లారేలోపు మొదలుపెడతాను, కథ సగంలో ఉండగా ఇంకో గ్లాసు అడిగినా పోస్తాను, మధ్యలో లేవడం మాత్రం కుదరదు.

నిన్న దిల్‌సుఖ్‌నగర్ మెట్రో మెట్లు దిగి వస్తుంటే, సెల్‌ఫోన్లు బాగుచేసే చిన్న కొట్టులోంచి సోల్డరింగ్ పొగ వాసన వచ్చింది. సాంబ్రాణిలో రబ్బరు ముక్క పడి కాలితే ఎట్లా ఉంటుందో అట్లాంటి వాసన. కూరగాయల సంచి భుజానికి తగిలించుకుని మెట్టు మీదే ఆగిపోయాను. వెనకవాళ్లు సణుక్కుంటూ పక్కనుంచి పోయారు, పోనీ. ఆ వాసన నన్ను పట్టుకుపోయి సైదాబాద్ గల్లీలో మా కిరాయి ఇంటి వరండాలో, మా పెద్దనాయన ఎదుట, కాళ్లు చాపుకుని కూర్చున్న చిన్నపిల్లను చేసేసింది.

పెద్దనాయన అంటే మా నాయనకు అన్న. పోచంపల్లి పక్క ఊళ్లో సగం జీవితం మగ్గం గుంటలో కూర్చుని నేసిన మనిషి. నేత ఇంటిని సాకలేక పట్నం వచ్చి, దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల దుకాణంలో తెల్లపరుపు మీద కూర్చుని, తాను నేయని చీరలు విప్పి చూపించే పనిలో చేరాడు. మగ్గం అమ్మేశాడు గానీ, దాని కింద కాళ్లతో తొక్కే రెండు చెక్క పలకలను మాత్రం గోనెసంచిలో చుట్టి తెచ్చి మంచం కింద పెట్టుకున్నాడు. మనిషి మగ్గం దిగాడు, కాళ్లు దిగలేదు. అన్నం తింటున్నా, టీవీలో వార్తలు చూస్తున్నా, ఎవరితోనైనా కొట్లాడుతున్నా సరే, ఒక పాదం కిందికి పోతే ఇంకో పాదం పైకి లేస్తూనే ఉండేది. అమ్మ పళ్లెం పెడుతూ, "బావా, జర మగ్గం ఆపి తినరాదు!" అనేది. ఆయన ఆపేవాడు కాదు.

నాకు పుట్టుకతోనే ఎడమ చేతికి పట్టు లేదు. కాన్పులో భుజం దగ్గర నరం సాగిందని దవాఖానలో చెప్పారట. చెయ్యి ఉంది, వేళ్లున్నాయి, గాజులు కూడా వేసుకునేదాన్ని, కానీ గ్లాసు పట్టుకోమంటే పట్టుకోదు. ఇంట్లో ఎవరూ దాన్ని పెద్ద సంగతి చేయలేదు. కుడిచేత్తో చిక్కుడుకాయలు ఒలిచేదాన్ని, దారం తెంపాలంటే మా ఇంట్లో అందరిలాగే పళ్లతో కొరికేదాన్ని.

ఆ ఏడు బతుకమ్మ పండుగ, తెలంగాణ సమ్మె ఒకేసారి వచ్చాయి. బడి మూశారు, బస్సులు ఆగాయి, చీరల దుకాణం షట్టర్ పండుగ సీజన్‌లోనే కిందికి దిగింది. తంగేడు పూలూ గునుగు పూలూ బడంగ్‌పేట్ అవతలి చెలకల నుంచి సైకిళ్ల మీద వచ్చేవి, గల్లీ అంతా పసుపు పచ్చగా రాలేవి, అమ్మ వేయించే నువ్వుల వాసనా పెసర సత్తుపిండి వాసనా మేడ మీదిదాకా పోయేవి. ఎల్‌బీ నగర్ చౌరస్తాలో విజయవాడ రోడ్డుకు అడ్డంగా రాళ్ల పొయ్యిలు పెట్టి వంటావార్పు చేసేవాళ్లు. ఆంధ్ర ఊళ్లకు బస్సులు పోయే ఆ పెద్ద రోడ్డు మీద, మనిషి మునిగేంత గుండిగల్లో పప్పు ఉడుకుతుంటే, డప్పుల మోతలో, తారు వేడి చెప్పుల్లోంచి తగులుతుంటే, మేం విస్తళ్లు ముందేసుకుని కూర్చుని తినేవాళ్లం. రోడ్డు మధ్యలో కూర్చుని తింటే పప్పుకు ఇంకో రుచి వస్తుంది, ఎందుకంటే లెమ్మని చెప్పేవాడు ఉండడు. తిన్నాక అక్కడే పెద్దపిల్లలు క్రికెట్ ఆడేవాళ్లు.

మిగతా పొద్దంతా ఎక్కడ గడిపేవాళ్లమంటే, మా మేడ మీద అద్దెకుండే పద్మ ఆంటీ వాళ్లింట్లో. వాళ్లది గుంటూరు వైపు. కింద మా ఇంట్లో పొద్దున లేస్తే జై తెలంగాణ, పైన వాళ్లింట్లో "ఈ బళ్లు ఎప్పుడు తెరుస్తారో ఏంటో" అని నిట్టూర్పు. అయినా మా అమ్మ సత్తుపిండి పైకి పోయేది, ఆంటీ గోంగూర పచ్చడి కిందికి వచ్చేది, మాటలు మాత్రం కొంచెం జాగ్రత్తగా నడిచేవి. ఆంటీ కొడుకు బాబీది నా ఈడే. వాడి దగ్గర వీడియోగేమ్ ఉంది. గల్లీ పిల్లలకు ఉద్యమం రోడ్డు మీద ఉంటే, రాజధాని బాబీ ఇంట్లో ఉండేది.

ఇప్పటి పిల్లలకు చెబితే నవ్వుతారు. అప్పుడు గేమ్ డబ్బా అంటే ఒక్క జాతి కాదు. దిల్‌సుఖ్‌నగర్ ఫుట్‌పాత్ మీద పట్టాలు పరిచి అమ్మేవాళ్లు. నల్లగా ఎర్ర గీతలున్న డబ్బా ఒకటి, తెల్లగా సబ్బుపెట్టెలా ఉండేది ఒకటి, టైపు మిషన్‌లా మీటలుండి పక్కన పిస్తోలు ఇచ్చేది ఒకటి, జాయ్‌స్టిక్ డబ్బాకే అతికిపోయి ఊడిరానిది ఇంకొకటి. అన్నీ ఎవరో ఒకరిని చూసి మరొకరు చేసిన నకళ్లే. ఒకదాని జాయ్‌స్టిక్ ప్లగ్గు ఇంకోదానికి దూరదు, బలవంతంగా దూరినా లోపల తీగలు ఎవడి ఇష్టం వాడు కలిపినవి కాబట్టి, దూకే బటన్ నొక్కితే ఆట ఆగిపోయేది, కుడికి నొక్కితే బొమ్మ ఎడమకు నడిచేది. పచ్చరంగు క్యాసెట్ మీద వేల ఆటలని అచ్చువేసేవాళ్లు, లోపల తిప్పి తిప్పి చూస్తే అవే నాలుగైదు, రంగులు మార్చుకుని వచ్చేవి. తెర మీద చారలొస్తే క్యాసెట్ తీసి నోటితో ఊదడం, మళ్లీ పెట్టడం. ఆ ఊదే హక్కు కోసం కూడా కొట్లాటే.

బాబీ ఇంట్లో ఒక్కటే కానూను. వరసలో కూర్చోవాలి, బొమ్మ చస్తే లేవాలి. గుంటలు దూకుతూ పరుగెత్తే ఆట అది. ఎడమచేతి బొటనవేలితో ముందుకు వెనక్కి నడిపించాలి, కుడిచేతి రెండు బటన్లలో ఒకటి పరుగు, ఒకటి దూకుడు. నా వంతు వచ్చింది. నేను జాయ్‌స్టిక్ ఒళ్లో పెట్టుకుని ఒక్క చేత్తో అటూ ఇటూ వెతుక్కునేసరికి బొమ్మ మొదటి గుంటలోనే పడింది. మర్నాడూ అంతే. ఆ మర్నాడు నా వంతు వచ్చే ముందే బాబీ జాయ్‌స్టిక్ అందుకున్నాడు.

"నువ్వు చూస్తూ కూర్చోవే, నీ బదులు నేను ఆడతాలే. నిన్ను దాటించేస్తాగా," అన్నాడు.

వాడు ఎగతాళికి అనలేదు. మంచితనానికే అన్నాడు. అందుకే ఎక్కువ కాలింది. వాడు నా వంతులో నాలుగు గుంటలు దాటాడు, అందరూ చప్పట్లు కొట్టారు, నన్ను కూడా కొట్టమని సైగ చేశారు. నేను లేచి కిందికి వచ్చేశాను.

వరండాలో పెద్దనాయన బీడీ ఆర్పి అడిగాడు. "ఏందే బిడ్డా, మొఖం గట్ల పెట్టినవ్?" చెప్పాను. ఆయన కాళ్లు ఆగిపోయాయి. అన్నం దగ్గర ఆగని కాళ్లు ఆ మాట దగ్గర ఆగాయి.

"నీ బదులు వాడు ఆడుడేంది? నీ బదులు బువ్వ తింటడా? నీ బదులు నిద్రపోతడా? ఏంది వాని కత!" అని లేచాడు. "చెయ్యి ఒక్కటే అయితే ఏమాయె? కాళ్లు రెండున్నయ్ గద. ముప్పై ఏండ్లు నేను కాళ్లతోనే బతికిన."

అమ్మ లోపల్నుంచి, "బావా, పోరగాండ్ల ఆటకు నువ్వెందుకు పరేషానైతవ్?" అంది.

"ఆటనే గద పరేషాన్. ఆటల వంతు ఇయ్యనోడు ఇంకెక్కడ ఇస్తడు?" అన్నాడు.

సమ్మె కాబట్టి దుకాణం లేదు, ఆయన చేతికి పని లేదు. ఫుట్‌పాత్ వాడి దగ్గర బాబీ డబ్బాకు సరిపోయే చెడిపోయిన జాయ్‌స్టిక్ వెతికి తెచ్చాడు. మరలు విప్పితే లోపల ఆకుపచ్చ రేకు, బటన్ల కింద నల్లటి రబ్బరు. బటన్ అంటే పెద్ద మాయ ఏమీ కాదు, రెండు గీతలను ఒకదానికొకటి తగిలించడమే అని ఆయనకు తెలిసిపోయింది. "కాలింగ్ బెల్లు గూడ గిట్లనే గద!" అని రెండు కాలింగ్ బెల్ స్విచ్చులు పట్టుకొచ్చాడు. టీవీ మెకానిక్ దగ్గర సోల్డరింగ్ కడ్డీ అడిగి తెచ్చి, వరండాలో కూర్చుని అంటించబోతే, సీసం ఆ రేకు మీద నిలవకుండా తామరాకు మీది నీటిబొట్టులా దొర్లిపోయేది. బ్లేడుతో పచ్చపొర గీకాడు, బొటనవేలు కాల్చుకున్నాడు, తిట్టాడు, మళ్లీ గీకాడు. అన్ని తీగలూ ఒకే రంగువి, కలిసిపోతున్నాయని, పోచంపల్లిలో రంగు అంటకూడని చోట నూలుకు రబ్బరు చీలికలు చుట్టినట్టు, సైకిల్ ట్యూబు సన్నగా చీల్చి ఒక్కో తీగకు ఒక్కో లెక్కన ముడులు కట్టాడు. ఆ తరువాత మంచం కింది గోనెసంచి విప్పాడు. తన మగ్గం పలకలు రెండూ తీసి, ఒక చెక్క మీద బిగించి, ఒక్కోదాని కింద ఒక్కో బెల్ స్విచ్ పెట్టాడు. నడిపించే బటన్లున్న ముక్కను చిన్న పీటకు కొట్టాడు, అది నా కుడిచేతికి. దూకడం కుడికాలికి, పరుగు ఎడమకాలికి.

మధ్యాహ్నం మేం ఊరేగింపులా మెట్లెక్కాం. నేను ముందు, చెక్క మోసుకుంటూ ఆయన వెనక. పిల్లలందరూ నోళ్లు తెరిచారు. పద్మ ఆంటీ వంటింట్లోంచి తొంగిచూసి, "ఏంటండీ అన్నయ్యగారూ, మా హాల్లో మగ్గం వేస్తారా ఏంటి?" అంది.

"వేస్త చెల్లె. చీర నీకే," అన్నాడు.

నా వంతు వచ్చింది. బొమ్మ నడిచింది! నా చేయి నడిపిస్తే నడిచింది, నా కాలు తొక్కితే దూకింది. చిన్న గుంట దాటాను. తరువాత పెద్ద గుంట. దాన్ని దాటాలంటే పరుగు బటన్ వదలకుండానే దూకాలి. ఎడమ పలక తొక్కిపట్టాను, కుడి పలక తొక్కాను, ఎడమది లేచిపోయింది. బొమ్మ గుంటలో పడింది.

ఎందుకో మీకు అర్థమైందా? పెద్దనాయన రెండు పలకలనూ, చెక్కకు నిలువుగా కొట్టిన బద్ద మీది చిన్న గిలక మీదుగా, ఒకే తాడుతో కట్టాడు. మగ్గం మీద అట్లాగే ఉంటుంది. ఒకటి దిగితే ఇంకోటి లేవాలి, అప్పుడే పడుగు దారాలు పైకీ కిందికీ విచ్చుకుని, మధ్యలోంచి పేక దారం మోసే నాడె దూరుతుంది. రెండూ ఒక్కసారి దిగవలసిన పని లోకంలో ఒకటుంటుందని ఆయన కాళ్లకు తెలియదు.

పిల్లలు నవ్వారు. బాబీ నవ్వలేదు. "పాపం, దాన్ని ఇంకోసారి ఆడనివ్వండ్రా," అన్నాడు.

"వద్దు," అన్నాను. "పోయిన. లేస్తున్న. మళ్ల నా వంతు ఒస్తది." అందరిలాగే పోయాను, అందరిలాగే లేచాను. చెక్కను గోడ వారకు జరుపుకుని తాడు చూపించాను. "ఇది తియ్యాలె పెద్దనాయినా."

ఆయన మొహం ముడుచుకుపోయింది. "తాడు తీస్తే ఎట్లనే? రెండు పలకలు ఒక్కసారే తొక్కితే పడుగు తెగుతది. మా నాయిన కొట్టి నేర్పిండు నాకు."

"ఇండ్ల పడుగు లేదు. గుంట ఉన్నది. రెండు కాళ్లు తొక్కితేనే దాటుత."

ఆయన వంగి పలకలను ఒకసారి చేత్తో నిమిరాడు. అమ్మిన మగ్గంలో ఆయనకు మిగిలినవి అవే, వాటిని మగ్గంగా ఉంచేది ఆ తాడే. వరస సగం దాటింది. నేను వంగి ఆ తాడును పళ్ల మధ్య పెట్టుకున్నాను, కొరకలేదు, ఆయన్నే చూస్తున్నాను. ఆయన మొహం కిటికీ వైపు తిప్పుకుని, పలక కదలకుండా రెండు చేతులతో పట్టుకున్నాడు.

"కొరుకు," అన్నాడు. "నీ పండ్లు గట్టియే."

తాడు తెగింది. పలకలు రెండూ లేచే దారి లేక కింద పడుకున్నాయి. ఆయన చొక్కా జేబులోంచి రబ్బరు చీలికలు తీసి, ఒక్కోదాన్నీ విడివిడిగా పైకి కట్టాడు, దేనికి అది లేచేట్టు.

నా వంతు మళ్లీ వచ్చింది. పెద్ద గుంట వచ్చింది. రెండు కాళ్లూ ఒక్కసారి తొక్కాను. గాల్లో బొమ్మ ఎంతసేపుందో చెప్పలేను, అవతలి గట్టు మీద నిలబడింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, గోల చేశారు. గోల వేరు, చప్పట్లు వేరు. ఆ పొద్దు నేను లేవలేదు. వరసలో ఉన్నవాళ్లు విసుక్కుని, "సావవేందే!" అని మొత్తుకున్నారు, ఆ తిట్టు నాకు పండుగ పాటలా వినిపించింది. చీకటి పడబోతుంటే పద్మ ఆంటీ, "పెరుగన్నం కలిపాను, తిని చావండర్రా," అని గిన్నె మధ్యలో పెట్టింది. బాబీ నా పలకల మీద కాళ్లు పెట్టి చూశాడు. పాదాలు ఒకదాన్నొకటి తన్నుకున్నాయి, మొదటి గుంటలోనే పడ్డాడు. "పోయినవ్. లే," అన్నాను. వాడు లేచాడు.

ఇప్పుడు ఆ ఫుట్‌పాత్ మీద పట్టాలు లేవు, మెట్రో స్తంభాలున్నాయి. ఆ చారల టీవీలు లేవు, క్యాసెట్‌లో ఊదే పెదాలు లేవు. రాష్ట్రం వచ్చింది. పెద్దనాయన వచ్చిన రాష్ట్రాన్ని కళ్లారా చూసి, కాళ్లాడిస్తూనే పోయాడు. బాబీ వాళ్లు బడంగ్‌పేట్‌లో ఇల్లు కట్టుకున్నారు, గృహప్రవేశానికి పిలిస్తే పోయి తిని వచ్చాం. ఎవరి ఫోను వాళ్ల చేతిలో ఉంది, ఎవరూ ఎవరి కోసమూ లేవనక్కర్లేదు, వరస అనే మాటే పోయింది. నాకు ఉత్త జాలి చూపించేవాళ్లు మాత్రం పోలేదు. బ్యాంకులో, పెళ్లిలో, నా పిల్లల బడిలో, "మీరు కూర్చోండమ్మా, మీ బదులు మేం చేసేస్తాం," అంటారు. మంచివాళ్లే. వాళ్ల మాట పూర్తయ్యేలోపే నేను లేచి నిలబడి ఉంటాను.

పోయి రండి. మీ ఇంట పొయ్యి ఆరకూడదు, మీ పిల్లల కాళ్లు బలంగా ఉండాలి, మీ గడప లోపల ఎవరి వంతు వాళ్లు కొట్లాడైనా తీసుకోవాలి, తీసుకున్నాక ఒకే గిన్నెలో అన్నం తినాలి.